ఇంగ్లండ్ పల్లెటూరి పబ్, పీపా ఏల్: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చినవాళ్లు, వాళ్లని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు ఏ ఆదివారమో పల్లెల వైపు వెళ్లి పాతకాలం పబ్ ముందు ఆగుతారు. లోపలికి వెళ్లాలా వద్దా అన్న దగ్గర్నుంచి సందేహాలు మొదలు. ఏటా అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. చట్టాలు, కొలతలు ఇంగ్లండ్‌కి సంబంధించినవి. ఏల్ అంటే ఒక రకం బీరు; పీపాలోనే పులుస్తూ ఉండేదాన్ని పీపా ఏల్ లేదా కాస్క్ ఏల్ అంటారు.

## బయలుదేరే ముందు

పబ్ అంటే డీజే, డాన్స్ ఫ్లోర్, ఎంట్రీ ఫీజు ఉంటాయా?

ఉండవు. హైదరాబాద్‌లో పబ్ అంటే మనకి తోచేది వేరు, ఇంగ్లండ్ పల్లెలో ఆ పేరుతో ఉన్నది వేరు. ఇది ఊరివాళ్లు సాయంత్రం కూర్చుని మాట్లాడుకునే చోటు. జంటలకే ప్రవేశం, ఫలానా బట్టలే వేసుకోవాలి లాంటి నియమాలు ఉండవు. పొలం గట్ల మీద నడిచొచ్చిన బురద బూట్లతో, తడిసిన కుక్కతో వచ్చేవాళ్లు రోజూ కనిపిస్తారు. చాలా చోట్ల పాటలు కూడా పెట్టరు. చలికాలమైతే నిప్పుగూట్లో కట్టెలు చిటపటమంటుంటాయి, అంతే చప్పుడు.

మేం అసలు మందు ముట్టం. అయినా వెళ్లొచ్చా?

నిస్సంకోచంగా వెళ్లండి. లైమ్ అండ్ సోడా అడిగితే అన్నిటికంటే చవగ్గా వస్తుంది. టీ, కాఫీ చాలా చోట్ల ఇస్తారు. మూడు పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. సైడర్ అంటే ఆపిల్ జ్యూస్ కాదు, ఆపిల్ రసం పులియబెట్టిన మద్యం. మామూలుగా 4.5 శాతం, పల్లెల్లో చేసే ముతక రకాలు 6, 7 శాతం కూడా ఉంటాయి. షాండీలో సగం బీరే. జింజర్ బీర్ చాలావరకు ఆల్కహాల్ లేనిదే అయినా మద్యం ఉన్న బ్రాండ్లూ ఉన్నాయి, సీసా మీద శాతం చూడండి. ఆల్కహాల్ లేని బీరుల్లో 0.0 అని ఉన్నవి వేరు, 0.5 శాతం ఉన్నవి వేరు. పూర్తిగా వద్దనుకునేవాళ్లు మొదటిదే తీసుకోవాలి.

పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లొచ్చా?

16 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి రావచ్చు. అయితే ఏ గదిలోకి, ఎన్నింటి దాకా అన్నది ఆ పబ్ లైసెన్సు మీద, యజమాని మీద ఉంటుంది. రాత్రి 8 లేదా 9 తర్వాత పిల్లలు వద్దనే చోట్లు చాలా ఉన్నాయి. మద్యం కొనాలంటే 18 నిండాలి. 16, 17 ఏళ్లవాళ్లు భోజనంతో పాటు, పెద్దవాళ్లు పక్కనుండి కొనిస్తేనే బీరో వైనో సైడరో తాగొచ్చు.

పెద్దవాళ్ల విషయంలో చూడాల్సింది కట్టడం. గుమ్మాలు పొట్టిగా ఉంటాయి, ఒక గదికీ ఇంకో గదికీ మధ్య అర అడుగు మెట్టు ఉంటుంది, నేలమీద రాతి పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కొన్ని చోట్ల టాయిలెట్ పెరటి అవతల. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే ముందు ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి.

ఏ రోజు, ఏ టైంకి వెళ్తే మంచిది?

శుక్ర, శని సాయంత్రాలు. అప్పుడు బీరు వేగంగా కదులుతుంది, తాజాగా ఉంటుంది. పల్లె పబ్బుల్లో చాలావరకు సోమవారం సెలవు, కొన్ని మంగళవారం కూడా. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 5, 6 దాకా తలుపులు వేసేవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ మధ్యాహ్నపు విరామం తప్పనిసరి కాదని 1988లో చట్టం మారింది, కానీ చిన్న పబ్బులు సౌకర్యం కొద్దీ కొనసాగిస్తున్నాయి. వంటగది సమయాలు బారు సమయాలకంటే తక్కువ. మధ్యాహ్నం 12 నుంచి 2, రాత్రి 6 నుంచి 8.30 అనుకుని వెళ్తే ఆకలితో తిరిగి రావాల్సిన పని ఉండదు. ఆదివారం మధ్యాహ్న భోజనానికి మాత్రం టేబుల్ బుక్ చేసుకోకుండా వెళ్లకండి.

కారు లేదు. బస్సులో వెళ్లి రావచ్చా?

వెళ్లడం సులువు, రావడమే కష్టం. పల్లె బస్సుల్లో ఆఖరిది సాయంత్రం 6 లోపే పోయే రూట్లు ఎన్నో. ఆదివారం చాలా ఊళ్లకి బస్సే ఉండదు. ఊబర్ మీద ఆధారపడొద్దు, యాప్‌లో కారు కనిపించదు. దగ్గరి పట్నంలోని టాక్సీ వాళ్లతో తిరుగు ప్రయాణం పొద్దున్నే మాట్లాడి పెట్టుకోండి. దగ్గరి రైల్వే స్టేషన్ నుంచి పొలాల్లోని పబ్లిక్ ఫుట్‌పాత్ మీద మూడు నాలుగు మైళ్లు నడిచి వెళ్లడం అన్నిటికంటే మంచి పద్ధతి. పసుపు బాణం గుర్తులు దారి చూపిస్తాయి. మూసున్న గేటు దాటితే మళ్లీ మూయాలి, లేకపోతే గొర్రెలు బయటికొస్తాయి.

చలికాలంలో వెళ్లొచ్చా?

అసలు సీజన్ అదే. నల్లటి ఏల్స్, ఓల్డ్ ఏల్స్ అప్పుడే దిగుతాయి. కొండల మీదున్న వాటికి మాత్రం వాతావరణం చూసుకుని వెళ్లండి. యార్క్‌షర్‌లో 1,732 అడుగుల ఎత్తున ఉన్న టాన్ హిల్ ఇన్, బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తైన పబ్. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుఫాను మంచుకి దారులు మూసుకుపోయి 60 మందికి పైగా అక్కడే మూడు రాత్రులు ఉండిపోయారు.

## కౌంటర్ దగ్గర

వచ్చి అరగంట అయింది, టేబుల్ దగ్గరికి ఎవరూ రారేంటి?

రారు. మీరే బారు దగ్గరికి వెళ్లి అడిగి, డబ్బు కట్టి, గ్లాసులు మీరే తెచ్చుకోవాలి. తిండికైతే టేబుల్ నంబర్ చెప్పండి, పళ్లెం వాళ్లే తెస్తారు. బారు ముందు వరస కనిపించకపోయినా వరస ఉంటుంది: ఎవరి తర్వాత ఎవరొచ్చారో లోపలున్నవాళ్లకి తెలుసు. మీకంటే ముందొచ్చిన మనిషిని వదిలేసి మిమ్మల్ని అడిగితే "ముందు ఆయన" అనండి, ఆ ఒక్క మాటకి మంచి పేరొస్తుంది. నోటు ఊపడం, చిటికె వేయడం బొత్తిగా పనికిరావు. టిప్పు అవసరం లేదు. ఇవ్వాలనిపిస్తే "మీకూ ఒకటి తీసుకోండి" అంటే వాళ్లు ఒక డ్రింకు ధర కలుపుకుంటారు.

పంపుల మీద అన్నీ తెలియని పేర్లే. ఏది అడగాలి?

రుచి చూపించమని అడగండి. పీపా ఏల్‌కి చిన్న గ్లాసులో రెండు గుక్కలు ఊరికే పోస్తారు, అది మామూలే. రెండు రకాలు చూడొచ్చు, జనం కిక్కిరిసిన శనివారం రాత్రి ఆరు రకాలు అడిగితే బాగోదు.

మన దగ్గర దొరికే మామూలు బీరు, అంటే లాగర్, అలవాటైన వాళ్లు గోల్డెన్ ఏల్‌తో మొదలుపెడితే నాలుకకి తేలిక. 4 శాతం చుట్టూ ఉంటుంది, రంగు కూడా తెలిసినదే. ఇంగ్లండ్ అసలు రుచి మాత్రం బిట్టర్‌లో ఉంది. పేరుకి చేదే గానీ కాకరకాయ చేదు కాదు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి వెనకాల హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) చేదు వచ్చి నోరు ఆరేలా చేస్తుంది, అందుకే రెండో గుక్క అడుగుతుంది. మామూలు బిట్టర్ 3.5 నుంచి 4 శాతం, బెస్ట్ బిట్టర్ ఇంకొంచెం చిక్కన. మైల్డ్ అంటే చేదు తక్కువ, రంగు ఎక్కువగా ముదురు, బలం 3 నుంచి 3.6 శాతం. కాఫీ ఇష్టమైతే పోర్టర్ లేదా స్టౌట్ అనే నల్లటి బీర్లు. యార్క్‌షర్‌లో టిమొతీ టేలర్ వాళ్ల ల్యాండ్‌లార్డ్, ససెక్స్‌లో హార్వీస్ బెస్ట్, ఆక్స్‌ఫర్డ్‌షర్‌లో హుక్ నార్టన్, సఫోక్‌లో ఆడ్‌నమ్స్ కనిపిస్తే ఆ ప్రాంతం రుచి అదే అనుకుని తీసుకోండి.

పింట్ అంటే ఎంత? అంతకంటే చిన్నది ఉందా?

పింట్ 568 మి.లీ., మన 650 మి.లీ. సీసా కంటే కొంచెం తక్కువ. హాఫ్ 284 మి.లీ. పింట్‌లో మూడో వంతు, మూడింట రెండు వంతులు కూడా చట్టబద్ధమైన కొలతలే, కానీ పల్లెల్లో ఆ గ్లాసులు అన్ని చోట్లా ఉండవు. హాఫ్ అడగడం చిన్నతనమేమీ కాదు, నాలుగు రకాలు చూడాలంటే అదే దారి. గ్లాసు అంచు దాకా కొలత ఉన్నప్పుడు పైన నురగ 5 శాతం మించకూడదని పరిశ్రమ పెట్టుకున్న నియమం. అంతకంటే ఎక్కువుంటే "కొంచెం నింపండి" అని అడగొచ్చు, మొహం మాడ్చుకోరు.

వయసు రుజువు చూపించమంటారా? ఆధార్ పనిచేస్తుందా?

25 ఏళ్లలోపు కనిపిస్తే అడగడం చాలా పబ్బుల్లో నియమం. పాస్‌పోర్ట్, బ్రిటన్ డ్రైవింగ్ లైసెన్స్, పాస్ (PASS) అనే వయసు రుజువు పథకం హాలోగ్రామ్ ఉన్న కార్డు పనికొస్తాయి. ఆధార్, పాన్ సాధారణంగా ఒప్పుకోరు. విద్యార్థులు ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుంటే పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకు తిరగక్కర్లేదు.

అందరికీ వాళ్లే కొన్నారు. నేనేం చేయాలి?

దాన్ని రౌండ్ అంటారు. ఒకరు అందరికీ కొంటారు, తర్వాతి వంతు ఇంకొకరిది. నలుగురిలో కూర్చుని మీ వంతు ఎగ్గొడితే నోటితో అనరు గానీ గుర్తుపెట్టుకుంటారు. మీ గ్లాసు ఇంకా పావు వంతు ఉండగానే లేచి "ఎవరికేం కావాలి" అనాలి. తక్కువ తాగేవాళ్లు, డబ్బు చూసుకునే విద్యార్థులు మొదట్లోనే "నాది నేను తెచ్చుకుంటాను" అని చెప్పేస్తే ఎవరూ తప్పుపట్టరు.

## గ్లాసులో ఉన్నది

కాస్క్ ఏల్‌కీ మామూలు బీరుకీ తేడా ఏంటి?

కాస్క్ ఏల్ పీపాలోకి వెళ్లినప్పుడు అందులో బతికున్న ఈస్ట్ ఉంటుంది. అది పబ్ నేలమాళిగలో కూడా పులుస్తూనే ఉంటుంది. గ్లాసులో కనిపించే సన్నటి బుడగలు ఆ పులియడం వల్ల పుట్టినవే, బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. కెగ్ బీరుని చాలావరకు వడకట్టి, వేడి చేసి, గ్యాస్ ఒత్తిడితో పైకి తోస్తారు. అది వారాల తరబడి ఒకేలా ఉంటుంది. పీపా ఏల్ పొద్దున దించిన కల్లు లాంటిది, గంటలు గడిచేకొద్దీ మారిపోతుంది, మంచి సమయం దాటితే పులుస్తుంది. 1960ల్లో పెద్ద కంపెనీలు కెగ్ వైపు మొగ్గడంతో ఈ పద్ధతి దాదాపు పోయేదే. 1971లో నలుగురు మొదలుపెట్టిన కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం దాన్ని నిలబెట్టింది. రియల్ ఏల్ అన్న పేరు వాళ్లు ప్రచారంలోకి తెచ్చిందే.

బీరు వెచ్చగా ఇస్తారట, నిజమేనా?

వెచ్చగా కాదు, నేలమాళిగ చల్లదనంతో. సరైన వేడి 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్. ఫ్రిజ్‌లోంచి తీసిన లాగర్ 3 నుంచి 5 డిగ్రీలుంటుంది కాబట్టి, దానికి అలవాటైన నోటికి ఇది వెచ్చగా అనిపిస్తుంది. అంత చల్లబరిస్తే ఏల్‌లో మాల్ట్, హాప్స్ వాసన పైకి రాదు, బీరు కూడా మసకేస్తుంది. గది వేడిలో, అంటే 18, 20 డిగ్రీల్లో ఇస్తే అది పబ్ తప్పే. గొట్టంలో నిలవున్న బీరు అలా వస్తుంది, వేరే గ్లాసు అడగండి. ఐసు మాత్రం అడగొద్దు.

నురగ లేదు, గ్యాస్ లేదు. పాడైందా?

అక్కర్లేదు. పీపా ఏల్‌లో కరిగిన గ్యాస్ లాగర్‌లో ఉన్న దాంట్లో సగం కూడా ఉండదు. నురగ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. యార్క్‌షర్ వైపు పంపు మూతికి స్పార్క్లర్ అని సన్న రంధ్రాల బిళ్ల బిగిస్తారు, బీరు చిలికినట్టు వచ్చి పైన మీగడలాంటి పొర కడుతుంది. దక్షిణాన దాన్ని తీసేసి పోస్తారు, పైన పల్చటి పొరే ఉంటుంది. మీకు నచ్చినట్టు "స్పార్క్లర్ పెట్టి" లేదా "తీసేసి" అని అడగొచ్చు. ఒక్క బుడగ కూడా లేకుండా, నాలుక మీద నీళ్లలా చప్పగా ఉంటే మాత్రం ఆ పీపా గ్యాస్ పోగొట్టుకుంది.

రుచి తేడాగా ఉంటే తిరిగి ఇచ్చేయొచ్చా? గొడవవుతుందా?

ఇచ్చేయొచ్చు, గొడవేమీ కాదు. రెండు గుక్కల్లోపు తీసుకెళ్లి "ఇది కొంచెం తేడాగా ఉంది, చూస్తారా" అనండి. సగం తాగాక ఫిర్యాదు చెల్లదు. వెనిగర్ వాసన, ముక్కులో గుచ్చే పులుపు ఉంటే పీపా తెరిచి ఎక్కువ రోజులైంది, గాలి తగిలి పులిసింది. వెన్న, టాఫీ రుచి గాఢంగా ఉంటే పులియడం సరిగా ముగియలేదు. తడి అట్టపెట్టె వాసనైతే గాలి పట్టి నిలవైంది. మసగ్గా ఉంటే పీపా కదిలి మడ్డి లేచి ఉంటుంది, లేదా అడుక్కి వచ్చేసింది. అయితే మసగ్గా ఉండేలాగే తయారుచేసే ఏల్స్ ఇప్పుడు చాలా ఉన్నాయి, పంపు మీద బీరు పేరున్న బిళ్ల చూసి అడగండి. ఇంకొకటి: బర్టన్ ఊరి ఏల్స్‌లో అగ్గిపుల్ల వెలిగించినట్టు సన్నటి గంధకం వాసన మొదటి క్షణంలో వస్తుంది. అక్కడి నీళ్లలోని జిప్సం వల్ల వచ్చేది అది, లోపం కాదు.

మేం శాకాహారులం. ఏల్‌లో చేప కలుస్తుందని విన్నాం, నిజమా?

నిజమే. మడ్డి త్వరగా అడుక్కి దిగడానికి ఐసింగ్లాస్ అనే పదార్థం వాడతారు, అది చేపల గాలితిత్తి నుంచి తీసింది. మడ్డితో పాటే పీపా అడుగున ఉండిపోతుంది గానీ, ఆనవాలు కూడా పడనివాళ్లకి అది సమాధానం కాదు. బిళ్ల మీద అన్‌ఫైన్డ్ (మడ్డి దించే పదార్థం కలపనిది) లేదా వీగన్ అని ఉన్నవి అడగండి. "ఈ పీపాలో ఐసింగ్లాస్ ఉందా" అని సూటిగా అడిగితే సెల్లార్ చూసే మనిషికి తెలిసే ఉంటుంది. తెలియదంటే ఉందనే అనుకోవాలి, ఎందుకంటే సంప్రదాయ పీపా ఏల్‌లో వాడటమే ఎక్కువ.

ఇవన్నీ 4 శాతమేనా? మన స్ట్రాంగ్ బీరులాంటిది లేదా?

ఉంది. థీక్‌స్టన్ వాళ్ల ఓల్డ్ పెక్యులియర్ 5.6 శాతం, బార్లీ వైన్లు అనే బలమైన ఏల్స్ 8 దాటతాయి, వాటిని హాఫ్‌లోనే తాగాలి. కానీ పల్లె పబ్ నడిచేది తక్కువ బలమున్న బీరు మీద: మూడు గంటలు కూర్చుని మాట్లాడుకోవడానికి సరిపోయేలా తయారుచేసింది అది. ఎంత ఆల్కహాల్ తాగామో ఇక్కడ యూనిట్లలో చెప్తారు, లెక్క సులువు. మి.లీ.ని శాతంతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు. 4 శాతం పింట్ అంటే 2.3 యూనిట్లు. వారానికి 14 దాటొద్దని బ్రిటన్ వైద్యాధికారుల సలహా.

## నేలమాళిగలో

పీపా దిగిన దగ్గర్నుంచి గ్లాసులోకి వచ్చేదాకా ఏం జరుగుతుంది?

పల్లె పబ్బుకి ఎక్కువగా వచ్చేది ఫర్కిన్, అంటే 9 గాలన్లు, దాదాపు 41 లీటర్లు, 72 పింట్లు. దానికి రెట్టింపు కిల్డర్‌కిన్, సగం పిన్. పీపాని చెక్క దిమ్మ మీద అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా రెండు పక్కలా చెక్కలు బిగిస్తారు. పొట్ట మీద ఉన్న మూత పైకి, ముందు మూతలో ఉన్న చిన్న చెక్క బిళ్ల కిందికి రావాలి.

తర్వాత పై మూత మధ్యలో స్పైల్ అనే సన్న మేకు కొడతారు. మొదట మెత్తటి స్పైల్, వెదురు లాంటి గుల్ల పుల్లతో చేసింది. దాని గుండా అదనపు గ్యాస్ బుసబుసా బయటికొస్తుంది, నురగ పొంగి పక్కలమ్మట కారుతుంది. తుడిచేస్తే మళ్లీ పొంగుతుంది. తుడిచాక మళ్లీ రావడానికి కొన్ని సెకన్లు పట్టిందంటే పులియడం నెమ్మదించినట్టు. అప్పుడు గట్టి స్పైల్ దిగ్గొట్టి మిగిలిన గ్యాస్‌ని లోపలే ఆపుతారు. దీనికి కొన్ని గంటలు పట్టొచ్చు, హుషారైన పీపాకి ఒక రోజు దాటొచ్చు. మెత్తటి పుల్లని మర్చిపోయి వదిలేస్తే గ్యాసంతా పోయి బీరు చప్పబడుతుంది. తొందరపడి గట్టిది కొడితే పంపులో నురగే వస్తుంది.

ఆ తర్వాత కింది చెక్క బిళ్ల కడిగి, కుళాయిని ఎదురుగా పెట్టి, సుత్తితో ఒకే గట్టి దెబ్బ. రెండు మూడు దెబ్బలు తింటే మడ్డి లేస్తుంది, మనిషి కూడా తడుస్తాడు. ఒక రోజు ఊరనిచ్చి, గ్లాసులో కొంచెం పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తారు. తేటపడితేనే అమ్మకానికి. బీరు మూడో వంతు ఖాళీ అయ్యాక వెనక వైపు నెమ్మదిగా ఎత్తుతారు, ఆఖర్లో ఎత్తితే మడ్డి కదిలి మిగిలిందంతా పాడవుతుంది. అమ్మే వేళ పైన గట్టి స్పైల్ తీసి గాలి రానివ్వాలి, రాత్రి మూసేటప్పుడు మళ్లీ పెట్టాలి. గొట్టాలు వారానికోసారి కడగాలి.

ఆ పొడుగాటి పిడి లాగితే బీరు ఎలా వస్తుంది?

పిడికి కింద ఒక సిలిండర్, అందులో పిస్టన్. లాగినప్పుడు నేలమాళిగలోంచి బీరు పైకి వస్తుంది, ఒక్కో లాగుడికి మామూలుగా అర పింట్. ఈ యంత్రానికి 1797లో జోసెఫ్ బ్రామా పేటెంట్ తీసుకున్నాడు, పద్ధతి పెద్దగా మారలేదు. రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరుని పొద్దున్నే లాగి పారబోయాలి. అది చేయని పబ్‌లో తలుపు తెరవగానే వెళ్లినవాళ్లకి నిలవ బీరే దక్కుతుంది. కొన్ని పాత పబ్బుల్లో పంపే ఉండదు, పీపా కుళాయి తిప్పి నేరుగా గ్లాసులోకి పోస్తారు.

పది పంపులున్న పబ్ మంచిదా, రెండే ఉన్నది మంచిదా?

పల్లెలో రెండు మూడు పంపులున్నదే నమ్మండి. తెరిచిన పీపా మూడు రోజుల్లో అయిపోవాలి. ఫర్కిన్‌లో 72 పింట్లంటే రోజుకి 24 పింట్లు అమ్ముడవ్వాలి, అదీ ఒక్క పంపు మీద. పది పంపులంటే రోజుకి 240. మంగళవారం సాయంత్రం ఆ ఊళ్లో అంత జనం ఎక్కడ? మిగిలిన పీపాలన్నీ నాలుగో రోజు, ఐదో రోజు కూడా నడుస్తుంటాయి. లోపలికి వెళ్లగానే ఊరివాళ్లు ఏ పంపు లాగిస్తున్నారో చూసి అదే అడగండి. ఒక పంపు మీది బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ పీపా అయిపోయిందని, కొత్తది ఇంకా తేటపడలేదని అర్థం. అలా ఆపగలిగే పబ్ మీద గౌరవం ఉంచండి.

## తిండి

శాకాహారులకి పళ్లెంలోకి ఏం దొరుకుతుంది?

చీజ్, బ్రెడ్, ఉల్లిపాయ పచ్చడి, ఆపిల్ ముక్కలతో ప్లౌమన్స్ లంచ్ చాలా చోట్ల ఉంటుంది. హామ్ వద్దని చెప్పండి. కూరగాయల పై (పిండి పొరలో కూర పెట్టి కాల్చింది), సూప్, జాకెట్ పొటాటో (తొక్కతో కాల్చిన బంగాళాదుంప) దొరుకుతాయి. దాక్కున్నవాటిని అడిగి తెలుసుకోవాలి. చిప్స్ (మన ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటివి) కొన్ని చోట్ల, ముఖ్యంగా ఉత్తరాదిన, గొడ్డు కొవ్వులో వేయిస్తారు. వోర్సెస్టర్‌షర్ సాస్‌లో ఆంచోవీ చేపలుంటాయి. ఆవిరి పుడ్డింగుల్లో సూయెట్ అనే పశువుల కొవ్వు ఉండొచ్చు. యార్క్‌షర్ పుడ్డింగ్ పిండి గుడ్లు, పాలు, మైదానే, కానీ కాల్చేది గొడ్డు కొవ్వులో కావచ్చు.

బీఫ్, పోర్క్ తినం. ఏ పేర్లు గుర్తుపెట్టుకోవాలి?

స్టేక్ అండ్ ఏల్ పై, కాటేజ్ పై బీఫ్. షెపర్డ్స్ పై మాత్రం గొర్రె మాంసం. స్కాచ్ ఎగ్‌లో గుడ్డు చుట్టూ ఉండేది పంది మాంసం. బ్యాంగర్స్ అంటే సాసేజీలు, ఎక్కువగా పోర్క్. బారు మీద ప్యాకెట్ చిప్స్ (ఇక్కడ క్రిస్ప్స్ అంటారు) పక్కన వేలాడే స్క్రాచింగ్స్ పంది తోలు వేపుడు. చేప తినేవాళ్లు చేప, చిప్స్ తీసుకోవచ్చు, కానీ గొడ్డు కొవ్వులో వేయించారేమో ముందు అడగండి.

## కట్టడం, చరిత్ర

600 ఏళ్ల పబ్ అని బోర్డు పెట్టారు. నమ్మొచ్చా?

కట్టడం వయసు, పబ్ వయసు వేరు చేసి అడగండి. నాటింగ్‌హామ్‌లోని యి ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం గోడ మీద 1189 అని రాసి ఉంటుంది, ఇప్పుడున్న కట్టడం అంత పాతది కాదు. పల్లెల్లో చాలా పబ్బులు 1830 బీర్‌హౌస్ చట్టం తర్వాత పుట్టాయి. పన్ను కట్టే ఏ ఇంటివాళ్లయినా రెండు గినీలు కట్టి లైసెన్సు తీసుకుని ముందు గదిలో బీరు అమ్ముకోవచ్చని ఆ చట్టం అనుమతిచ్చింది. అందుకే ఎన్నో పల్లె పబ్బులు ఇప్పటికీ ఎవరి ఇంట్లోనో కూర్చున్నట్టే ఉంటాయి.

ఒక్క పబ్ మాత్రమే చూడగలం. ఏది చూడమంటారు?

వూస్టర్‌షర్‌లో, ఈవ్‌షామ్ దగ్గర బ్రెట్‌ఫర్టన్ ఊళ్లోని ఫ్లీస్ ఇన్. నలుపు తెలుపు చెక్క చట్రాల ఇల్లు, గడ్డికప్పు. ఇల్లు దాదాపు 600 ఏళ్లది, రైతు కుటుంబం మనుషులకీ పశువులకీ ఒకే కప్పు కింద కట్టుకున్నది. 1848లో ఆ ఇంటివాళ్లే లైసెన్సు తీసుకుని పబ్‌గా మార్చారు. ఆ వంశంలో చివరి యజమానురాలు లోలా టాప్లిన్ 1977లో కన్నుమూస్తూ దాన్ని పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది, ఉన్నదున్నట్టు ఉంచాలన్న కోరికతో. ప్యాకెట్ చిప్స్ తన పబ్‌లో అమ్మకూడదని ఆమె పట్టు అని చెప్పుకుంటారు.

లోపల బ్రూహౌస్, డగ్అవుట్, ప్యూటర్ రూం అని మూడు గదులు. ప్యూటర్ రూంలో బీరువా నిండా పాతకాలపు తగరపు పళ్లేలు. నిప్పుగూళ్ల ముందు నేల మీద తెల్లటి వలయాలు చూడండి: పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగకుండా గీసేవి అవి, చెరిగినప్పుడల్లా మళ్లీ గీస్తూ వచ్చారు. 2004 ఫిబ్రవరిలో గడ్డికప్పు అంటుకుని ఇల్లు బాగా దెబ్బతింది. పాత పద్ధతిలోనే బాగుచేసి మరుసటి ఏడాది తెరిచారు. మే నెలాఖరులో వెళ్తే ఆ లోయలో పండే ఆస్పరాగస్ కట్టల వేలంపాట ఇక్కడే చూడొచ్చు.

పబ్బులకి వైట్ హార్ట్, రాయల్ ఓక్ లాంటి పేర్లెందుకు?

చదువురాని జనం బొమ్మని బట్టి గుర్తుపట్టేవారు కాబట్టి. 1393లో రెండో రిచర్డ్ రాజు ఏల్ అమ్మేవాళ్లు గుర్తు వేలాడదీయాలన్నాడు. అతని చిహ్నమే వైట్ హార్ట్, తెల్ల దుప్పి. 1651లో ఓడిపోయి పారిపోతున్న రెండో చార్లెస్ బాస్కొబెల్‌లో ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడు, ఆ చెట్టే రాయల్ ఓక్. ఫ్లీస్ అంటే గొర్రె ఉన్ని, అది కనిపించిన చోట ఒకప్పుడు ఉన్ని వ్యాపారం ఉండేది.

ఫ్రీ హౌస్ అంటే ఏదైనా ఊరికే ఇస్తారా?

ఇవ్వరు. ఆ పబ్ ఏ బీరు కంపెనీకీ కట్టుబడి లేదని, యజమాని తనకి నచ్చిన చోట కొంటాడని అర్థం. కంపెనీకి చెందినదాన్ని టైడ్ హౌస్ అంటారు. ఫ్రీ హౌస్‌లో చుట్టుపక్కల చిన్న తయారీదారుల ఏల్స్ దొరికే అవకాశం ఎక్కువ.

ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) పేరులో ఇండియా ఎందుకుంది?

ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మద్రాసు, కలకత్తాలకి వెళ్లిన లేతరంగు ఏల్ కాబట్టి. లండన్‌లో ఓడలు లంగరేసే చోటికి దగ్గరగా బో అనే చోట హాడ్జ్‌సన్ అనే బీరు తయారీదారు బట్టీ ఉండేది, అతను ఓడ కెప్టెన్లకి అరువు ఇచ్చేవాడు. గుడ్ హోప్ అగ్రం చుట్టి వచ్చే నెలల ప్రయాణంలో హాప్స్ ఎక్కువ వేసిన బీరు చెడకుండా ముగ్గేది. 1820ల్లో బర్టన్ ఆన్ ట్రెంట్‌లోని ఆల్సప్, ఆ తర్వాత బాస్ రంగంలోకి దిగారు. అక్కడి జిప్సం నీళ్లకి ఇంకా తేటైన, చేదు నిలిచే ఏల్ వచ్చింది. ఇండియా కోసమే కొత్తగా కనిపెట్టారన్నది కథ: లేత ఏల్ అంతకుముందే ఉంది, బ్రిటిష్ సైనికుల కోసం నల్లటి పోర్టర్ కూడా ఓడలెక్కింది.

## బయల్దేరేటప్పుడు

గంట కొట్టి ఏదో అరిచారు. వెళ్లిపోమనా?

మొదటి గంట లాస్ట్ ఆర్డర్స్, ఇంకొకటి కావాలంటే ఇప్పుడే అడగమని. రెండో గంటకి అమ్మకం ఆగుతుంది. ఆ తర్వాత చేతిలో ఉన్నది తాగడానికి 20 నిమిషాల వరకు ఇవ్వడం ఆనవాయితీ. వెళ్తూ ఖాళీ గ్లాసులు బారు మీద పెట్టి "చీర్స్" అనడం ఇక్కడి మర్యాద.

ఒక్క పింట్ తాగి కారు నడపొచ్చా?

వద్దు. ఇది రాసేనాటికి ఇంగ్లండ్‌లో పరిమితి 100 మి.లీ. ఊపిరిలో 35 మైక్రోగ్రాములు, రక్తంలో 80 మిల్లీగ్రాములు. స్కాట్లండ్‌లో రక్తంలో 50. ఎన్ని పింట్లకి ఆ గీత దాటుతామో లెక్క లేదు. ఒంటి బరువు, తిన్న తిండి, బీరు బలం అన్నీ కలిసి మారుస్తాయి. దొరికితే కనీసం 12 నెలలు లైసెన్సు రద్దు, జరిమానా, క్రిమినల్ రికార్డు. ఆ రికార్డు వీసా దరఖాస్తులో చెప్పాల్సి వస్తుంది. ఒంట్లోంచి ఒక యూనిట్ పోవడానికి సుమారు గంట పడుతుంది, అందుకే రాత్రి నాలుగు పింట్లు తాగినవాళ్లు పొద్దున ఏడింటికి కూడా స్టీరింగ్ పట్టుకోకూడదు. కారు రాత్రికి ఇక్కడే ఉంచొచ్చా అని బారులో అడిగితే చాలావరకు సరేనంటారు. పేరులో ఇన్ అని ఉంటే పైన గదులున్నాయేమో కూడా కనుక్కోండి.